మందకు ఆబోతు ఎంపిక – కృత్రిమ గర్భోత్పత్తి

వాకాడు ప్రాంతమున స్వర్ణముఖి ఒడ్డునను, బకింగుహాము కాలువ గట్లమీదను, కోతలైన వరి మళ్ళలోను మేయుచు తిరుగు ఆవుల మందలు నేటికిని కనుపించును. ఈ ఆవులను పాల వ్యాపారమునకై పెంచుట లేదు. దూడ తల్లి వెంట తిరిగి పాలు కుడుచును. ఇంటి వాడుకకు మాత్రము రైతు కొంచెము పిండుకొనును. ఎండకాలమున పొలములో మందను కట్టించినచో ఎరువు లభించును. ఇవి పోగా, ఏడాదికి ఎన్ని దూడలు పుట్టినవి, అవి ఎంత ఎదిగినవి, ఏ ధరకు పోయినవి అనునదియే మంద వలన రైతుకు వచ్చు రాబడి.

రాబడి అంతయు దూడలో ఉన్నప్పుడు, ఆ దూడకు తండ్రి ఎవరో రైతుకు తెలిసి ఉండవలెను. కాని పెక్కు మందలలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. విత్తులు కొట్టించుటకు తీరిక లేక మిగిలిపోయిన కోడెయో, పక్క ఊరి నుండి వచ్చి కలిసిన కోడెయో మందకు ఆబోతు అగుచున్నది. వరి విత్తనమును ఎంచి, తూర్పారబట్టి, మొలక చూచి చల్లు రైతు, మంద విషయములో మాత్రము గాలికి వచ్చిన విత్తనముతో సరిపెట్టుకొనుచున్నాడు. ఈ నష్టమును ఎట్లు తప్పించుకొనవచ్చునో ఈ వ్యాసములో వివరింతుము.

పూర్వపు ఏర్పాటు

"అచ్చుపోసిన ఆబోతు" అను మాట నేడు తిట్టుగా మారినది. కాని పూర్వము అది ఊరికి మేలుచేయు ఏర్పాటు. పెద్దలు గతించినప్పుడు వారి పేర మంచి కోడెదూడను ఎంచి, అచ్చువేసి, దేవుని పేర వదలెడివారు. అది ఎవరి చేలో పడి మేసినను కొట్టెడివారు కారు. బాగుగా మేసి బలిసిన ఆ ఆబోతే ఊరి ఆవులన్నింటికి విత్తనపు కోడె. ఒంగోలు జాతి ఇంత పేరు గడించుటకు, ఊరంతయు కలిసి మంచి కోడెను ఎంచి పోషించిన ఈ ఆచారము ఒక ముఖ్య కారణము.

ట్రాక్టరు వచ్చిన పిదప దుక్కిటెద్దుల గిరాకి తగ్గినది. ఎద్దు అక్కర లేనప్పుడు కోడెదూడ మీద శ్రద్ధ తగ్గినది. కోడెదూడ మీద శ్రద్ధ తగ్గినప్పుడు మంచి ఆబోతు దొరకుట కష్టమైనది. ఆచారము పోయినది, దాని స్థానములో మరియొక ఏర్పాటు కుదరలేదు. ఇదియే నేటి చిక్కు.

సముద్రము దాటిన నెల్లూరు పశువు

మన పశువు వేరొక దేశములో ఏమైనదో తెలిసికొనుట మనకు పాఠముగా ఉండును. ఒంగోలు జాతికే నెల్లూరు జాతియని పూర్వము విదేశములలో పేరు. 1868లో బ్రెజిల్ దేశపు సాల్వడార్ రేవులో ఈ జాతి పశువుల జత ఒకటి ఓడనుండి దిగి అమ్ముడుపోయినది. తరువాత మరికొన్ని విడతలు వెళ్ళినవి. 1938లో అక్కడ ఈ జాతికి వంశావళి పుస్తకము ప్రారంభించిరి. 1960 ప్రాంతమున బ్రెజిల్ రైతులు మరల మన దేశమునకు వచ్చి మేలైన కోడెలను ఎంచి కొనిపోయిరి. వానిలో ఒకదానికి ఒంగోలు దగ్గరి కరవది గ్రామము పేరే నిలిచినది. నేడు బ్రెజిల్ లో 20 కోట్లకు పైగా పశువులు ఉండగా, వానిలో అధిక భాగము ‘నెలోర్’ రక్తము కలవి.

అక్కడ ఈ పశువును మాంసమునకై పెంచుదురు. మన రాష్ట్రములో 1977 నాటి చట్టము ఆవుల, దూడల వధను నిషేధించినది. మన మందల ఉద్దేశమును వేరు. కాని పెంచు పద్ధతిలో పోలిక ఉన్నది. అక్కడను ఆవు బయలులో మేయును, దూడ ఏడెనిమిది నెలలు తల్లిపాలు కుడిచి పెరుగును. ఎండకు తాళి, గడ్డిమీద బ్రతికి, ఏటేటా దూడను పెంచగల ఆవు వారికిని కావలెను, మనకును కావలెను. వారు పుట్టిన ప్రతి దూడను తూచి, వ్రాసి, బాగుగా ఎదిగిన దానినే విత్తనమునకు ఉంచిరి. పశువు మనది, లెక్క వారిది. ఆ లెక్కను మనమును నేర్చుకొనవచ్చును.

ఆబోతు ఎందుకు ముఖ్యము?

దూడకు సగము గుణములు తల్లి నుండి, సగము తండ్రి నుండి వచ్చును. అయినను ఆవు ఏడాదికి ఒక్క దూడనే ఇచ్చును. ఆబోతు ఒక్క ఋతువులో ఇరువది ముప్పది దూడలకు తండ్రి కాగలదు. ఇంట పుట్టిన పెయ్యలనే నిలుపుకొను మందలో, వరుసగా మేలుజాతి ఆబోతులను వాడినచో, మొదటి తరములో సగము, రెండవ తరములో నాలుగింట మూడు పాళ్ళు, మూడవ తరములో ఎనిమిదింట ఏడు పాళ్ళు మేలుజాతి రక్తము చేరును. ఒక్క ఆవును కూడ క్రొత్తగా కొనకయే మంద మారిపోవును. చెడ్డ ఆబోతును వాడినను ఇదే వేగముతో మంద చెడును.

ఏ జాతి ఆబోతు?

బయట మేసి, దూడను కుడిపి పెంచు ఆవులకు మన తీరమున ఒంగోలు ఆబోతే తగినది. జెర్సీ వంటి విదేశపు జాతుల విత్తనము పాలు అమ్ముకొను రైతులకు, పచ్చిమేత, దాణా, నీడ సమకూర్చగల వారికి ఉపయోగించును. మే నెల ఎండలో మోడుగడ్డి కొరకుచు తిరుగు మందలో ఆ దూడ నిలువలేదు. పైగా సంకరజాతి కోడెదూడను కొనువారు తక్కువ. "ఏ సూది అయిననేమి, చూడి కట్టినచో చాలును" అనుట పొరపాటు. సూది వేయించుటకు ముందే, ఏ జాతి విత్తనమని అడిగి తెలిసికొనవలెను.

ఆబోతును ఎంచు విధము

1. తల్లిని చూడవలెను. ఆబోతు పాలు ఇవ్వదు. కాని దాని కూతుళ్ళు దూడలకు పాలు ఇవ్వవలెను. కనుక కోడె తల్లి ఎన్ని ఈతలు ఈనినది, ఈతకు ఈతకు ఎంత ఎడము, దూడను ఎట్లు పెంచినది, పొదుగు, చన్నులు తీరుగా ఉన్నవా అని విచారింపవలెను. ఏడాదిన్నరకు ఒక మారైనను తప్పక ఈనుచున్న ఆవు బిడ్డను, మూడేండ్లకు ఒకమారు ఈను అందమైన ఆవు బిడ్డకంటె మేలుగా ఎంచవలెను.

2. కోడె తాను ఎదిగిన తీరును చూడవలెను. ఎదుగుదల గుణము తండ్రి నుండి బిడ్డకు బాగుగానే దిగును. ఒకే మందలో, ఒకే ఋతువులో పుట్టి, ఒకే మేత మేసిన దూడలలో ఏది ముందున్నదో చూచుటయే సరియైన పరీక్ష. త్రాసు లేకున్నను కొలతపట్టీ చాలును. ముందుకాళ్ళ వెనుకగా ఎదురొమ్ము చుట్టుకొలతను అంగుళములలో తీసికొని, దానిని దానితోనే హెచ్చించి, భుజపు మొన నుండి పిరుదు ఎముక వరకు గల పొడవుతో మరల హెచ్చించి, 660 చేత భాగించినచో బరువు సుమారుగా కిలోలలో వచ్చును. ఏడాది దూడకు చుట్టుకొలత 48 అంగుళములు, పొడవు 42 అంగుళములు ఉన్నదనుకొనుడు. 48 x 48 x 42 = 96,768; దీనిని 660 చేత భాగింపగా సుమారు 147 కిలోలు. ఈడు దూడలన్నింటిని ఒకే రోజున, ఒకే మనిషి కొలిచినచో పోలిక చక్కగా తెలియును.

3. అవయవములను చూడవలెను. తెల్లని మేను, మగదానికి తల, మెడ, మూపురముల మీద బూడిదవన్నె, పొట్టి కొమ్ములు, నల్లని ముట్టె, మడతలుగా వ్రేలాడు గంగడోలు ఒంగోలు జాతి లక్షణములు. అయితే రంగు, కొమ్ముల కంటె కాళ్ళు ముఖ్యము. దినమెల్ల నడచి మేయవలసిన పశువునకు గిట్టలు బిగువుగా, కాళ్ళు తిన్నగా ఉండవలెను. వెనుక కాళ్ళు బలహీనమైన కోడె ఆవును దాటలేదు. నడుము పొడవుగా, ఎదురొమ్ము లోతుగా ఉండవలెను.

4. వృషణములు రెండును సమానముగా, గట్టిగా, ఈడుకు తగిన పరిమాణములో ఉండవలెను. ఒకటి చిన్నది, ఒకటి పెద్దదిగా ఉన్న కోడెను ఎంచరాదు. పెద్ద వృషణములు గల కోడెకు పుట్టిన పెయ్యలు త్వరగా ఎదకు వచ్చునని పరిశోధనలలో తేలినది. ఎంతో అందమైన కోడెయైనను బీజములో సత్తువ లేనిచో మంద ఒక ఏడాది గొడ్డుపోవును. కొనుటకు ముందు పశువైద్యుని చేత పరీక్ష చేయింపవలెను.

5. రోగములు లేవని తెలిసికొనవలెను. ఈచుకుపోవు రోగము, అనగా బ్రూసెల్లోసిస్, మందలో చేరినచో చూడి ఆవులు నెలలు నిండక ముందే ఈచుకుపోవును. ఇది మనుష్యులకును అంటును. క్రొత్తగా తెచ్చిన కోడెకు రక్తపరీక్ష చేయించిన పిదపనే మందలో కలుపవలెను. నాలుగు నుండి ఎనిమిది నెలల లోపు పెయ్యదూడలకు ఈ రోగమునకు టీకా ఒకమారు వేయింపవలెను. ఈచిన పిండమును, మాయను ఒట్టి చేతులతో తాకక, లోతుగా పూడ్చవలెను.

6. చుట్టరికము చూడవలెను. తన కూతురును తానే దాటు ఆబోతు వలన దూడలు చిక్కి, చూడి నిలువక, మంద క్షీణించును. కనుక ఆబోతు కూతుళ్ళు ఎదకు వచ్చు ఈడు రాకముందే, అనగా సుమారు మూడేండ్లకు ఒకమారు, ఆబోతును మార్చవలెను. రెండు మూడు ఊళ్ళ రైతులు కూడి తమ ఆబోతులను ఒకరికొకరు మార్చుకొనుట చౌకైన ఉపాయము.

ఒక ఈడువచ్చిన ఆబోతుకు ఒక ఋతువులో 25 నుండి 30 ఆవుల వరకు చాలును. క్రొత్త కోడెకు ఇంకను తక్కువ ఇవ్వవలెను. ఆబోతును ఎంచిన పిదప, మందలోని తక్కిన కోడెలకు పశువైద్యశాలలో బర్డిజో పటకారుతో విత్తులు నొక్కింపవలెను. ఇది చేయనిచో పైన చెప్పిన శ్రమ అంతయు వ్యర్థము.

కృత్రిమ గర్భోత్పత్తి

ఇరువది ఆవులు గల రైతు మంచి ఆబోతును కొని మేపలేకపోవచ్చును. అట్టివారికి కృత్రిమ గర్భోత్పత్తి తగిన సాధనము. మన దేశములో ఇది 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారములో మొదలైనది. ఆబోతు బీజమును సేకరించి, పరీక్షించి, సన్నని గొట్టములలో నింపి, సున్నాకు దిగువ 196 డిగ్రీల చలిలో ద్రవ నత్రజనిలో నిలువ చేయుదురు. అట్లు నిలువ చేసిన బీజము ఏండ్ల తరబడి చెడదు. మన రాష్ట్రములో నంద్యాల, విశాఖపట్టణములందు ఇట్టి కేంద్రములు కలవు. గుంటూరు దగ్గర లాంలోని పరిశోధన స్థానమును, ప్రకాశము జిల్లాలో చదలవాడ క్షేత్రమును, నెల్లూరు జిల్లా చింతలదేవిలోని జాతీయ కామధేను కేంద్రమును ఒంగోలు జాతిని పోషించుచున్నవి.

దీని లాభములు మూడు. తల్లి పాల లెక్క తెలిసిన ఆబోతు విత్తనము చిన్న రైతుకును అందును. దాటుట వలన అంటు జననాంగ రోగములు రావు. ఆబోతును మార్చుట సులభము. గొట్టమును మార్చినచో చాలును. గొట్టము మీద జాతి, ఆబోతు సంఖ్య అచ్చువేయబడి ఉండును. ఆ సంఖ్యను అడిగి వ్రాసికొనుట రైతు హక్కు. గొట్టమును ద్రవము నుండి తీసిన వెంటనే 37 డిగ్రీల గోరువెచ్చని నీటిలో 30 సెకనులు ఉంచి, తుడిచి, ఆలస్యము లేకుండ వాడవలెను. చొక్కా జేబులో పెట్టుకొని తెచ్చిన గొట్టము పనికిరాదు. ఎక్కువ పెయ్యలు పుట్టునట్లు వేరుచేసిన బీజమును నేడు లభించుచున్నది; దానితో పుట్టు దూడలలో పదింట సుమారు తొమ్మిది పెయ్యలే. మంచి ఆవుల నుండి పెయ్యలు కావలసిన వారు దీనిని అడుగవచ్చును.

ఎద ఎవరు చూతురు?

ఈ మాట చెప్పినప్పుడెల్ల మంద రైతులు ఒకే ప్రశ్న వేయుదురు. "అయ్యా, పొద్దున పోయిన మంద పొద్దుగూకినాక వస్తాది. మధ్యలో ఏ ఆవు ఎదకొచ్చిందో ఎవురు చూస్తారు? డాక్టరుగారిని పిలిచేదెప్పుడు?" ప్రశ్న న్యాయమైనది. జవాబు లేకుండ కృత్రిమ గర్భోత్పత్తిని పొగడుట వలన లాభము లేదు.

ఆవు సుమారు 21 రోజులకు ఒకమారు ఎదకు వచ్చును. ఒంగోలు ఆవులలో ఎద కొద్ది గంటలే ఉండును; పలుమార్లు రాత్రివేళ వచ్చును; కొన్ని అరవకయే మూగ ఎదకు వచ్చును. కనుక తెల్లవారుజామున మంద కదలక ముందును, సాయంకాలము దొడ్డికి చేరిన పిదపను అరగంట సేపు నిలిచి చూడవలెను. తీగలు వేయుట, మాటిమాటికి మూత్రము పోయుట, ఇతర ఆవుల మీద ఎక్కుట ఎద గుర్తులు. మరియొక ఆవు తన మీద ఎక్కినప్పుడు కదలక నిలుచుట అన్నింటికంటె నమ్మదగిన గుర్తు. ఉదయము ఎద కనుపించిన ఆవుకు ఆ సాయంకాలము, సాయంకాలము కనుపించిన దానికి మరునాటి ఉదయము సూది వేయింపవలెను. ఎద కనుపించిన ఆవును ఆ పూట మందతో తోలక ఇంటివద్దనే కట్టివేయవలెను. మంద కాపరి కుర్రవానికి ఈ గుర్తులు నేర్పుట మొదటి పని. ఆవు చూడి కట్టినప్పుడెల్ల వానికి చిన్న బహుమానము ఇచ్చుట రెండవ పని.

పెద్ద మందలకు వేరొక మార్గము కలదు. బ్రెజిల్ లో నేడు అధిక భాగము సూదులు ఎద చూడకయే, నిర్ణీత కాలమున వేయుచున్నారు. హార్మోను గల సాధనమును ఆవు యోనిలో కొన్ని రోజులు ఉంచి, తీసి, సూదిమందులు ఇచ్చి, మందలోని ఆవులన్నింటికి ఒకే రోజున బీజము వేయుదురు. మన పశువైద్యులును ఈ పద్ధతిని ఎరుగుదురు. అయితే చిక్కిన ఆవుకు ఇది పనిచేయదు. పశువైద్యుడు పరీక్షించి తగినవని చెప్పిన ఆవులకే చేయింపవలెను.

సూదియు, ఆబోతును

ఒక్క సూదితోనే అన్ని ఆవులు చూడి కట్టవు. ప్రతి సూదికి మూడు ఆవులలో ఒకటి నిలుచునని లెక్క వేయుదము. ఇరువది ఆవులలో మొదటి విడత ఏడు, రెండవ విడత మిగిలిన పదుమూటిలో నాలుగు, మొత్తము పదునొకండు చూడి కట్టును. తొమ్మిది మిగులును. ఆ తొమ్మిదింటిని ఏడాది పొడవున ఒట్టిగా మేపుట కంటె, రెండు సూదుల తరువాత ఎంచిన ఆబోతును మందలో విడుచుట మేలు. కనుక మంద రైతుకు సూది ఒక చేయి, ఆబోతు రెండవ చేయి. ఒకటి ఉన్నదని రెండవదానిని వదలరాదు. సూది వేసిన 18 నుండి 24 రోజుల మధ్య ఆవు మరల ఎదకు వచ్చునేమో కనిపెట్టవలెను. రెండు మూడు నెలలకు చూడి పరీక్ష చేయింపవలెను.

దూడ కుడుపు, మేత, ఋతువు

దూడ ఎల్లప్పుడు కుడుచుచున్నచో తల్లి ఎదకు వచ్చుట ఆలస్యమగును. ఈనిన రెండు నెలల పిదప దూడను పగలు వేరుగా ఉంచి, ఉదయము సాయంకాలము మాత్రమే కుడిపించినచో ఆవు త్వరగా ఎదకు వచ్చును. అయితే దూడకు పచ్చిగడ్డి, కొంచెము దాణా, నీరు దగ్గరగా ఉంచవలెను. ఆవు ఎముకలు బయటపడి ఉన్నచో ఏ ఆబోతును, ఏ సూదియు పనిచేయదు. వరిగడ్డితో పాటు వేరుశనగ కట్టె, కొంచెము తవుడు, చెక్క, ఖనిజ లవణ మిశ్రమము ఇవ్వవలెను. పెయ్యలను సుమారు 250 కిలోల బరువు రాకముందు దాటింపరాదు.

మన తీరమునకు వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు వచ్చును. ఆ వానల గడ్డి తిన్న ఆవులు ఫిబ్రవరి, మార్చి నెలలకు పుష్టిగా ఉండును. కోతల గడ్డియు అప్పుడే చేతికి వచ్చును. ఆ నెలలలో చూడి కట్టిన ఆవులు, చూడి కాలము సుమారు 285 రోజులు గనుక, నవంబరు నడుమ నుండి జనవరి రెండవ వారము లోపల ఈనును. తల్లికి పాలు కావలసిన వేళకు బయలు పచ్చగా ఉండును. తుపాను దినములలో పుట్టిన దూడలకు మాత్రము తడిలేని మెరక చోటు, పైకప్పు సిద్ధము చేయవలెను. అన్ని ఆవులను ఒక్క ఏటనే ఈ ఋతువునకు తేలేము. మూడు నాలుగేండ్లలో కొంత కొంత జరుపుకొని రావచ్చును.

ఒక చిన్న పుస్తకము

ఇరువది ఆవులు రెండేండ్లకు ఒకమారు ఈనినచో ఏడాదికి పది దూడలు. పదునైదు నెలలకు ఒకమారు ఈనినచో పదునారు. ఆవులు అవియే, బయలు అదియే. ఆరు దూడలు ఎక్కువ. ఈ తేడాను పట్టుకొనుటకు బడిపిల్లల నోటుపుస్తకము ఒకటి చాలును. ఆవు చెవిపోగు మీది 12 అంకెల సంఖ్య, ఎద తేది, ఆబోతు లేక గొట్టము సంఖ్య, ఈనిన తేది, దూడ కొలత వ్రాసి ఉంచవలెను. బడికి పోవు కూతురైనను, కొడుకైనను ఈ పని చేయగలరు. రెండేండ్లు వ్రాసినచో ఏ ఆవును ఉంచవలెనో, ఏ కోడెను విత్తనమునకు నిలుపవలెనో పుస్తకమే చెప్పును.

మన పెద్దలు ఊరంతటికి ఒక కోడెను ఎంచి అచ్చు వేసిరి. నేడు అచ్చునకు బదులు చెవిపోగు ఉన్నది, కొలతపట్టీ ఉన్నది, గొట్టములో దాచిన విత్తనము ఉన్నది. వలసినది ఊరి కట్టుబాటు. రైతు సోదరులు రాబోవు ఫిబ్రవరికి ముందే నలుగురు కూడి, తమ మందలలోని పనికిరాని కోడెలకు విత్తులు నొక్కించి, ఒక ఆబోతును ఎంచుకొని, సూదికి తగిన ఆవుల పట్టికను వ్రాసికొని పశువైద్యశాలకు వెళ్ళుదురు గాక. ఆ పై ఏటి వానలకు పుట్టు దూడలలో ఈ శ్రమ ఫలితము కనుపించును.